వాడ నుంచి మాటలు – 11: అట్ట కనిపించని పుస్తకం



పోయిన భాగంలో హాస్టల్ మెస్ చార్జీల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి సంగతి కుర్చీది. చదువుకోడానికి కూర్చునే కుర్చీ. కాస్త పొడుగు పోస్టే, ఓపిక పట్టండి. పరీక్షలున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దాచుకుని తర్వాత చదవండి.

ఈ మధ్య రెండు రకాల పెద్దమనుషుల మాటలు వినీ వినీ విసుగొస్తోంది. మొదటి రకానికి కిండిల్ పేరెత్తితే చాలు, గుండె బరువెక్కుతుంది. కాగితం వాసన లేని చదువూ ఒక చదువేనా, లైబ్రరీలు చచ్చిపోతున్నాయి, పుస్తకాన్ని గుండె మీద పెట్టుకుని నిద్రపోయిన రోజులేవి అని రాస్తారు. ఆ రాసేది కూడా ఫోన్లోనే అనుకోండి. రెండో రకం వాళ్లు ఫోన్ ఊపి చూపిస్తారు. లోకంలోని పుస్తకాలన్నీ ఇందులోనే ఉన్నాయి, ఇంకా లైబ్రరీకి బిల్డింగెందుకు, జీతాలెందుకు, ఆ జాగలో షాపింగ్ కాంప్లెక్స్ కడితే మున్సిపాలిటీకి కిరాయన్నా వస్తుంది కదా అంటారు. ఈ ఇద్దరి తగువులో మన పిల్లలు కూడా ఎవరో ఒకరి పక్కన చేరిపోతున్నారు. నా పంచాయితీ ఇద్దరితోనూ ఉంది.

మొదటివాళ్లతో మొదలుపెడతా.

అయ్యా, ఆ వాసన మీ ముక్కుకు ఎక్కడ తగిలింది? నాన్నగారి బీరువాలో. మామయ్య బైండింగు చేయించి దాచిన చందమామల్లో. లైబ్రేరియన్ మిమ్మల్ని చూసి "ఫలానా వాళ్ల అబ్బాయివి కదూ, రా బాబూ" అని లోపలి అరల దాకా తీసుకుపోయిన రోజున. మా ఇండ్లలో బీరువా లేదు. ఉన్న ఒక్క ట్రంకు పెట్టెలో రేషన్ కార్డు, అమ్మ పెండ్లి చీర, మా సర్టిఫికెట్లు. మేం మొదట ఎరిగిన కాగితం వాసన సర్కారు బడి టెక్స్ట్ బుక్కుది. బడులు తెరిచిన ఎన్నో వారాలకు గానీ ఆ వాసన మా దాకా వచ్చేది కాదు.

తెలుగు నేల మీద గ్రంథాలయోద్యమం గొప్పదే, కాదనను. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ. అయ్యంకి వెంకటరమణయ్య, పాతూరి నాగభూషణం లాంటి వాళ్ల కష్టం. 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు, అది చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. కానీ 1906లో ఇదే హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలి పెట్టి, అక్షరం రాని బస్తీల్లో హరికథలు, భజనలతో లోకజ్ఞానం పంచాడు. దాన్ని గ్రంథాలయోద్యమం లెక్కలో రాసినవాళ్లు నాకు తగల్లేదు. పుస్తకం పట్టుకోలేని మనిషి చెవిలో పుస్తకంలోని మాట వేయడం లైబ్రరీ పని కాకపోతే మరి దేని పని?

ఇక ఊరి లైబ్రరీ. అది పంచాయతీ ఆఫీసు పక్కనో, గుడి ముందరో, రచ్చబండ ఎదురుగానో ఉంటుంది. అంటే ఊళ్లో ఉంటుంది. వాడలో ఉండదు. లైబ్రరీకి కులం లేదని వాదిస్తారు. సరే, గోడలకు లేదు. అక్కడికి పోయే దారికి ఉంది. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక ఊరి లైబ్రరీలో మెంబర్‌షిప్ ఫారం అడిగాను. డిపాజిట్ పైసలు పట్టుకునే పోయాను. సొంతింటికి పన్ను కట్టే మనిషి ఎవరైనా నీకు పూచీ సంతకం పెట్టాలి అన్నారు. మా నాయిన పేరు మీద ఇంటి నెంబరే లేదు. ఊళ్లో ఎవరి గడప దగ్గర నిలబడి సంతకం అడగను? అడిగితే మరుసటి రోజు దానికి బదులు ఏం పని చెబుతారో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఊరి పేరు చెప్పను, ఆయన పేరూ చెప్పను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, రూలు చదివి వినిపించాడంతే. రెండేండ్లు వరండాలో నిలబడి పేపర్ చదివి వచ్చాను. లైబ్రరీ అంటే నాకు గుర్తొచ్చేది కాళ్ల నొప్పి.

అందుకే ఈ-రీడర్ వచ్చి లైబ్రరీ ఆత్మను చంపేసిందని ఎవరైనా ఏడిస్తే నాకు ఏడుపు రాదు. ఆ మెషిన్ మన పిల్లలకు ఏం ఇచ్చిందో ముందు చెబుతా వినండి.

శంషాబాద్ చుట్టుపక్కల కిరాయి గదుల సంగతి మీలో చాలామందికి తెలుసు. 2008లో ఎయిర్‌పోర్టు వచ్చాక గల్లీ గల్లీకి టు-లెట్ బోర్డులు లేచాయి. లోడింగు పనికి, సెక్యూరిటీ పనికి, గోడౌన్లలో ప్యాకింగుకు, పొద్దున డ్యూటీ రాత్రి డిగ్రీకి, ఎక్కడెక్కడి జిల్లాల నుంచో పిల్లలు వచ్చి దిగారు. గది చూపించే ముందు ఓనరు అడిగే మొదటి ప్రశ్న అడ్వాన్స్ గురించి కాదు. "మీరేమోళ్లు?" అంటాడు. నోటితో అడగని మర్యాదస్తుడైతే ఇంటిపేరు అడుగుతాడు, కూర ఏం వండుతారని అడుగుతాడు, తర్వాత ఎప్పుడో మంచి నీళ్ల నెపంతో వచ్చి గదిలో ఒకసారి చూపు తిప్పుతాడు. ఆ చూపు ముందు గోడ మీద పడుతుంది, ఫోటో కోసం. తర్వాత గూట్లో పుస్తకాల మీద పడుతుంది.

గోడౌన్లో పనిచేసే మా తమ్ముడొకడు, చుట్టం కాదు, ఉద్యమంలో తమ్ముడు, అంబేడ్కర్ పుస్తకాలకు పాత క్యాలెండర్ కాగితంతో అట్టలు వేసుకునేవాడు. చిన్నపిల్లలు బడి పుస్తకాలకు వేసినట్టు. కుల నిర్మూలనకు లక్ష్మీదేవి బొమ్మ అట్ట! నవ్వొస్తుంది, కడుపులో తిప్పుతుంది కూడా. తర్వాత వాడు సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత కిండిల్ కొన్నాడు. ఎక్కడో గీత పడింది, అయినా పనిచేస్తుంది. ఇప్పుడు మెట్ల మీద కూర్చుని చదువుకుంటాడు. ఓనరు చూసి ఆఫీసు పనా అన్నాడట. అవునన్నా అన్నాడట వీడు.

ఆ మెషిన్‌కు అట్ట లేదు. ఎదుటివాడికి నువ్వేం చదువుతున్నావో కనపడదు. దీని విలువ నాన్నగారి బీరువా వాళ్లకు చెప్పినా అర్థం కాదు. వాళ్ల పుస్తకం అట్ట వాళ్లను ఎప్పుడూ పట్టించలేదు. బస్సులో, ట్రైన్‌లో, కంపెనీ క్యాబ్‌లో, పీజీలో నీలి రంగు అట్ట మీద ఆ కళ్లద్దాల బొమ్మ కనిపించగానే పక్కవాడి మొహంలో మారే రంగును మనమే ఎరుగుదుం.

ఇంకొకటి. ఒక్క గది ఇల్లు, అందులో అయిదుగురు. రాత్రి తొమ్మిదిన్నరకు లైటు ఆపాలి, ఎందుకంటే నాలుగింటికి లేచి డ్యూటీకి పోవాల్సిన వాళ్లుంటారు. వెలుగు దానిలోనే ఉన్న స్క్రీన్ ముందు ఒక ఆడపిల్ల దుప్పటి కప్పుకుని చదువుకోగలుగుతోంది. ఆ పిల్ల దగ్గరికి పోయి కాగితం వాసన గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు.

ఇంతవరకు చదివి రెండో రకం వాళ్లు సంతోషపడి ఉంటారు. తొందరపడకండి.

ఓనరు కంటికి కనపడని చదువు కంపెనీ కంటికి కనపడుతుంది. ఏ పేజీ దగ్గర ఆగావో, ఏ వాక్యం కింద గీత గీశావో, సింక్ ఆన్‌లో ఉంటే అంతా దానికి చేరుతుంది. చాలామంది గీత గీసిన వాక్యం ఏదో అదే నీకు తిరిగి చూపిస్తుంది కూడా. 2009 జూలైలో ఏమైందో తెలుసు కదా? జార్జ్ ఆర్వెల్ నవలలు 1984, యానిమల్ ఫామ్ జనం కిండిళ్లలోంచి రాత్రికి రాత్రి మాయమయ్యాయి. అమ్మినవాడికి హక్కులు లేవట, అందుకని కంపెనీ దూరం నుంచే చెరిపేసి పైసలు వాపసు వేసింది. అమెరికాలో ఒక హైస్కూల్ విద్యార్థి ఆ పుస్తకం మీద తను రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోయిందని కోర్టుకెక్కాడు. నిఘా రాజ్యం మీద రాసిన పుస్తకాన్నే అలా తీసేశారంటే, కల్పించి రాసినా ఎవరూ నమ్మరు. 2025 ఫిబ్రవరిలో ఇంకొకటి చేశారు. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే సౌకర్యం తీసేశారు. బటన్ మీద కొను అని రాసి ఉంటుంది, చేతికొచ్చేది కిరాయి కాగితం. కిరాయి ఇండ్లలో బతికేవాళ్లకు ఇది కొత్తగా వివరించాలా? మేస్త్రీ మారాడనో, బంధువులు వస్తున్నారనో, ఒకటో తారీఖు కల్లా ఖాళీ చెయ్యమంటాడు. అంతే.

ఇప్పుడు మన ఊరి ముచ్చట. ఈ కిండిల్ అమ్మే అమెజాన్ 2017లో శంషాబాద్ దగ్గర 4 లక్షల చదరపు అడుగుల గోడౌన్ తెరిచింది, అప్పటికి దేశంలో తన గోడౌన్లన్నింటిలో అదే పెద్దదని చెప్పుకుంది. 2019లో నానక్‌రామ్‌గూడలో ఆఫీసు తెరిచింది, లోకం మొత్తంలో తన క్యాంపస్‌లలో అదే పెద్దదంది. 2022 నవంబర్‌లో హైదరాబాద్ పేరుతో డేటా సెంటర్ల రీజియన్ మొదలుపెట్టింది. 2023 జనవరిలో తన సరుకు విమానాలను హైదరాబాద్ కేంద్రంగా ప్రారంభించింది, అంటే మన శంషాబాద్ రన్‌వే మీది నుంచే. భూమి మనది, కరెంటు మనది, పెట్టెలు మోసే భుజాలు మనవి.

మరి ఇదే కంపెనీ 2016 డిసెంబర్‌లో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు ఏ భాషలు తెచ్చిందో చూడండి. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అయిదు. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 8 కోట్లు దాటారు. మలయాళం మూడున్నర కోట్ల లోపే. నాకు మలయాళీల మీద కోపం లేదు, వాళ్లు చదువుతారు, కొంటారు, అడుగుతారు. మన దగ్గర భాష కోసం ఉత్సవాలు చేసే పెద్దలు ఉన్నారు, శాలువాలు కప్పుకునే సంఘాలు ఉన్నాయి. గోడౌన్ రిబ్బన్ కత్తిరించే రోజున మా భాష ఎక్కడ అని ఎవరైనా పక్కన నిలబడి అడిగారా? లేదు, ఉద్యోగాలెన్ని వస్తాయి అని అడిగారు. అది అడగాల్సిందే. కానీ ఆ ఉద్యోగం చేసే పిల్లవాడు పొద్దంతా ప్యాక్ చేసిన మెషిన్‌లో వాడి భాష లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. పేపర్‌వైట్ అనే రకం కొత్తది 2025లో ఇక్కడ పెట్టిన ధర 16,999 రూపాయలు. గోడౌన్ పిల్లలు నెల జీతం చెబితే ఆ ధర పక్కన పెట్టి చూసుకోండి.

అందుకే మన వాడకు ఈ-రీడర్ అంటే కిండిల్ కాదు, ఫోన్. పీడీఎఫ్. టెలిగ్రామ్ గ్రూపు. ఇక్కడ నేను మిమ్మల్నే అడుగుతున్నా, విద్యార్థి మిత్రులారా, కోపం తెచ్చుకోకండి. మీ ఫోన్లో బాబాసాహెబ్ రచనలు ఎన్ని సంపుటాలున్నాయి? మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి అచ్చువేస్తూ వచ్చిన ఆ సంపుటాలు ఇంగ్లీషులో చాలావరకు దొరుకుతాయి. ఆయన పోయి 60 ఏళ్లు నిండాయి కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన రచనల మీద కాపీరైట్ 2017 జనవరి నుంచి లేదు. చట్టప్రకారం అవి అందరివి. మంచిది. అందులో ఒక్క పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాళ్లు ఎందరు? నేను మీటింగుల్లో చూస్తున్నా. సెర్చ్ కొట్టి ఒక మాట పట్టుకుంటారు, స్క్రీన్‌షాట్ తీస్తారు, నీలి బ్యాక్‌గ్రౌండ్ పెడతారు, పోస్ట్ చేస్తారు. ఆ వాక్యం ముందు ఆయన ఎవరితో వాదిస్తున్నాడో, తర్వాత పేజీలో దానికి ఏ షరతు పెట్టాడో తెలియదు. ఆయన ఎన్నడూ అనని మాటలు కూడా ఆయన ఫోటో కింద తిరుగుతున్నాయి, అవతలివాడు పట్టుకుంటే మనకే పరువు తక్కువ.

ఇది మీ బద్ధకం అని నేననను. ఫోన్ తయారైందే అందుకు. నాలుగో పేజీలో ఉండగా మెసేజ్ వస్తుంది, ఏడో పేజీలో క్రికెట్ స్కోర్ వస్తుంది, పదో పేజీలో ఓనర్ ఫోన్ చేస్తాడు. నలభై పేజీలు ఒక్క కూర్చోపులో చదవాలంటే మనిషికి కొంత నిశ్శబ్దం కావాలి, ఒక బల్ల కావాలి, లేచి పోవాల్సిన పని లేని రెండు గంటలు కావాలి. ఆయన కొలంబియాలో 1913 నుంచి మూడేండ్లు ఎలా చదివాడో, తర్వాత లండన్‌లో లైబ్రరీ తెరిచినప్పుడు లోపలికి పోయి మూసేదాకా ఎలా కూర్చున్నాడో మనకు కథలు కథలుగా తెలుసు. బొంబాయిలో రాజగృహ కట్టుకున్నప్పుడు పుస్తకాలకు ఎంత జాగ ఇచ్చాడో తెలుసు. ఆ మనిషికి కూడా మొదట వేరేవాళ్ల లైబ్రరీలో ఒక కుర్చీ దొరికింది కాబట్టే అది అయింది.

అసలు మాటకు వస్తున్నా. అన్నీ ఫోన్లో దొరుకుతున్నప్పుడు లైబ్రరీ ఎందుకు అన్న ప్రశ్న మనకు కొత్త కాదు. ఇదే ప్రశ్నను నీళ్ల విషయంలో అడిగారు.

మహాడ్ చెరువు. 1923లోనే బొంబాయి శాసనమండలి సర్కారు చెరువులు, బావులు అంటరానివాళ్లకూ తెరవాలని తీర్మానించింది. మరుసటి ఏడు మహాడ్ మున్సిపాలిటీ కూడా చౌదార్ చెరువును తెరుస్తున్నట్టు తీర్మానించింది. కాగితం మీద అంతా సవ్యమే. చెరువు మెట్ల దగ్గర మాత్రం ఏమీ మారలేదు. 1927 మార్చి 20న ఆయన వేలమందితో నడిచి పోయి ఆ నీళ్లు ముట్టుకున్నాడు. ఆ రోజే దాడి జరిగింది, తర్వాత చెరువును పేడ, పంచగవ్యాలతో శుద్ధి చేశారు, కోర్టులో కేసు వేశారు, అది పదేండ్లు నడిచింది. అదే ఏడు డిసెంబర్‌లో ఆయన మళ్లీ అక్కడే చెప్పింది ఏమిటంటే, ఈ నీళ్లు తాగకపోతే చచ్చిపోతామని మేం రాలేదు, ఇన్నాళ్లూ తాగకుండానే బతికాం, మేమూ మీలాంటి మనుషులమేనని తేల్చుకోడానికి వచ్చాం అన్నది సారాంశం. నీళ్లు వేరే బావిలో కూడా దొరుకుతాయి. ఆ మెట్ల మీద నిలబడే హక్కు వేరే బావిలో దొరకదు.

లైబ్రరీ అంతే. పుస్తకం ఫోన్లో దొరుకుతుంది. ఊరి నడిబొడ్డున, ఊరి పిల్లవాడి పక్క కుర్చీలో, అదే ఫ్యాన్ కింద, అదే కుండలో నీళ్లు తాగుతూ, అట్టకు క్యాలెండర్ కాగితం చుట్టకుండా బల్ల మీద తెరిచి పెట్టి చదువుకునే హక్కు ఏ స్టోర్‌లోనూ డౌన్‌లోడ్ అవదు. జాషువా 1941లో గబ్బిలం రాశాడు. మనిషిని రానియ్యని గుడిలోకి గబ్బిలానికి అడ్డు లేదు కదా, అందుకని తన గోడు దానితో పంపాడు. నాకు ఈ మధ్య ఫోన్ చూస్తే ఆ గబ్బిలం గుర్తొస్తోంది. లోపల దొరికేదాన్ని అది మోసుకొస్తోంది, సంతోషం. మనం మాత్రం ఇంకా బయటే ఉన్నాం. అందుతోంది కదా, ఇంకా లోపలికెందుకు అంటున్నవాడికి మనం లోపలికి రాకుండానే పని జరిగిపోవడం ఎంతో సుఖంగా ఉంది.

లైబ్రరీలు చచ్చిపోయాయనే మాట కూడా అబద్ధం. పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయి చూడండి, కుర్చీ కోసం ఎంత పోటీ ఉందో. అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి ఆసఫియా, ఇప్పటి స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, అక్కడా గ్రూప్స్, డీఎస్సీ, పోలీస్ ఉద్యోగాలకు చదివే పిల్లలే. పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు, నోట్సు ఫోన్లో ఉంటుంది. లైబ్రరీని వాళ్లు అడిగేది బల్ల, వెలుతురు, ఫ్యాన్, బాత్రూమ్. ఇది చదువు కాదని ముక్కు విరిచే సాహిత్యవేత్తలున్నారు. ఇంట్లో బల్ల ఉన్నవాడికి బల్ల విలువ తెలియదు, వదిలేయండి. నేను గమనించినది ఇంకొకటి ఉంది. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక శంషాబాద్ వైపు నుంచి ఆరాంఘర్ మీదుగా అఫ్జల్‌గంజ్ పోతున్న ఆడపిల్లలు నాకు ఎక్కువ తగులుతున్నారు. జీరో టికెట్ చేతిలో పెట్టుకుని, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా సంచిలో వేసుకుని. రానూపోనూ రెండు గంటలు బస్సులో పోతుంది. ఆ రెండు గంటలు మన మున్సిపాలిటీ వాళ్లకు అప్పున్నట్టే.

ఎందుకు అప్పు అంటున్నానంటే, పైసలు వసూలు చేశారు కాబట్టి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని ప్రకారం ఆస్తి పన్ను రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు. స్థానిక సంస్థ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అది మున్సిపాలిటీ సొమ్ము కాదు, చేతులు మారే సొమ్ము. వసూలు చేసి ఇవ్వకుండా బకాయి పెట్టడం గురించి ఏండ్లుగా పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఇల్లు లేనివాళ్లం మనమెక్కడ కడుతున్నామని అనుకోవద్దు. ఓనరు కట్టే పన్ను మీ కిరాయిలోంచే పోతుంది. "మీరేమోళ్లు" అని అడిగి మరీ మీ దగ్గర వసూలు చేసిన కిరాయిలో మీ కుర్చీ పైసలు ఉన్నాయి.

ఇంత ఎయిర్‌పోర్టు ఉంది కదా మన దగ్గర, దాదాపు 5,500 ఎకరాలు. దాని టెర్మినల్‌లో పుస్తకాల దుకాణం ఉంది, నిగనిగలాడే అట్టలు, ఏసీ. టికెట్ ఉన్నవాడికే లోపలికి ప్రవేశం. ఆ భూముల్లో ఒకప్పుడు పశువులు కాసిన కుటుంబాల పిల్లలు ఆ దుకాణంలో నేల తుడవడానికి పాస్ మీద పోతారు. పుస్తకం తిరగేయడానికి పోలేరు.

డిజిటల్ గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే నన్ను పాతకాలం మనిషి అంటారు. 2000ల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు, మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆ పనిలో పెద్ద కేంద్రం. ఎవరికీ దొరకని పాత పుస్తకాలు పల్లెలో కూర్చున్నవాడికి కూడా దొరికాయి. పరిశోధన చేసే మన పిల్లలు ఎందరో దాని మీద బతికారు. తర్వాత ఆ సైటు మూతపడింది. ఎవరో పుణ్యాత్ములు కాపీలు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు కాబట్టి చాలావరకు మిగిలాయి. ఆ ఆర్కైవ్ మీద కూడా అమెరికాలో పెద్ద పబ్లిషర్లు కేసు వేసి 2023లో గెలిచారు, 2024లో అప్పీలులోనూ గెలిచారు, అరువిచ్చే పుస్తకాలు 5 లక్షలకు పైగా తీసేయించారు. అంటే స్క్రీన్ మీది పుస్తకానికి కూడా ఒక జాగ కావాలి, జీతం తీసుకుని కాపాడే మనిషి కావాలి, వెనక చట్టం ఉండాలి. సర్కారు లైబ్రరీ అనేది ఆ పని చేయడానికే ఉంది. టాబ్లెట్లు కొని బీరువాలో పెట్టి తాళం వేసి డిజిటల్ లైబ్రరీ అని బోర్డు పెట్టడానికి కాదు.

ఇంకొక మాట మనలో మనం. చిన్న ప్రచురణకర్తలు అప్పు చేసి వేసిన దళిత కథలు, ఆత్మకథలు, అవి రిలీజైన నెలకే మన గ్రూపుల్లో పీడీఎఫ్ అయి తిరుగుతున్నాయి. ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ దుకాణం కేసులో 2016లో హైకోర్టు విద్యార్థుల పక్షాన తీర్పిచ్చినప్పుడు నేనూ పండగ చేసుకున్నా. అవతల ఉన్నది ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్. మన రచయిత ఆక్స్‌ఫర్డ్ కాదు, ఆయన 500 కాపీలు మంచం కింద పెట్టుకుని బుక్ ఫెయిర్‌లో నిలబడి అమ్ముకునే మనిషి. కొనలేని పిల్లవాణ్ని నేను తప్పుపట్టను. సెస్సు పైసలు సక్రమంగా చేరి, జిల్లా జిల్లా లైబ్రరీలు ఆ పుస్తకం తలా కొన్ని కాపీలు కొని ఉంటే రచయిత అప్పూ తీరేది, పిల్లవాడికి పుస్తకమూ దొరికేది. ఈ రెండు పేదరికాల మధ్య మనం కొట్లాడుకుంటున్నాం, ఆ పైసలు మాత్రం ఎక్కడో కూర్చున్నాయి.

ఇక పని. సమాచార హక్కు దరఖాస్తు ఫీజు మహా అయితే పది రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ లేదు. మీరు ఉండేది ఏ మున్సిపాలిటీ, ఏ పంచాయతీ అయితే దానికి రాయండి. గత అయిదు ఆర్థిక సంవత్సరాల్లో లైబ్రరీ సెస్సు కింద ఎంత వసూలైంది, ఏ తేదీల్లో ఎంత జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేశారు, బాకీ ఎంత. జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇంకొకటి రాయండి. మా మండలంలో శాఖా గ్రంథాలయాలు ఎన్ని, ఒక్కొక్క దాంట్లో కుర్చీలెన్ని, ఆడవాళ్లకు బాత్రూమ్ ఉందా, తెరిచి ఉంచే వేళలేమిటి, గత అయిదేండ్లలో కొన్న పుస్తకాల జాబితా, మెంబర్‌షిప్‌కు పూచీ సంతకం అడుగుతున్నారా, అడిగితే ఏ రూలు కింద. జాబితా చేతికొచ్చాక అందులో మన రచయితలు ఎందరో లెక్కపెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు.

దరఖాస్తు నమూనా నేను తయారుచేసి పెట్టాను, రేపు సాయంత్రం కల్లా తెలుగులో పోస్ట్ చేస్తా. శంషాబాద్, రాజేంద్రనగర్, మహేశ్వరం వైపు ఉన్నవాళ్లు ఆదివారం పొద్దున పదింటికి కలుద్దాం. జాగ ఇంకా దొరకలేదు, ఫంక్షన్ హాల్‌కు పైసల్లేవు. ఆదివారం దొరికితే ఏదైనా బడి వరండా, లేకపోతే ఎప్పటిలాగే చెట్టు కింద. వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక పుస్తకం తెచ్చుకోండి. అట్ట వేయకుండా తీసుకురండి.

పన్నెండో భాగంలో గురుకులాల లైబ్రరీ బీరువాల తాళం చెవుల గురించి.

జై భీం.